తనఖా కాగితాల్లో దాగిన బీమా

పేదరైతు ఇంట్లో కాగితాలన్నీ ఒకే సంచిలో ఉంటాయి. పట్టాదారు పాసుపుస్తకం, రేషను కార్డు, పిల్లల మార్కుల జాబితా, చనిపోయినవారి మరణ ధ్రువపత్రం, అప్పు తీసుకున్న నాటి చీటీలు అన్నీ అందులోనే. ఏది ఎందుకు దాచాడో రైతుకే సరిగా తెలియదు. పారేస్తే ఎప్పుడు ఏ ఆఫీసులో ఏమడుగుతారోనని భయం.

కారంచేడు మండలంలోని ఒక గ్రామంలో అటువంటి సంచి ఒకటి ఈ మధ్య మా ముందు విప్పారు. ఇంటి పెద్దకు డెబ్బై ఏళ్లుంటాయి. ఆస్తి ఎకరంన్నర నల్లరేగడి. కొమ్మమూరు కాలువకు చివరి భూములు గనుక నీరు వచ్చిన ఏడు వరి, రాని ఏడు శనగ. మిగతా రోజులు ఇంటిల్లిపాదీ కూలికి పోవలసిందే. ఈయనకు ఎకరంన్నర ఉన్నమాట నిజమేగాని, సంవత్సరంలో సగం రోజులు వ్యవసాయ కార్మికుడే.

2009లో ఆయన, ఆయన కొడుకు కలిసి సంతకాలు చేసి ఆ ఎకరంన్నరను ఒక బ్యాంకుకు తనఖా పెట్టారు. బ్యాంకు పేరు ఇక్కడ రాయడం లేదు. పేరు ఏదైనా జరిగే తీరు ఒకటే. రెండు గేదెలకు, ఒక మోటారుకు, పశువుల కొట్టానికి కలిపి 1,20,000 రూపాయల అప్పు మంజూరైంది. ఏడేళ్ల వాయిదాలు, నూటికి ఏడాదికి 12 రూపాయల వడ్డీ. చేతికి వచ్చింది మాత్రం 1,10,400.

మిగతా 9,600 ఏమయ్యాయని అప్పుడు అడగలేదా అన్నాం.

‘‘అడిగాను బాబూ. ఖర్చులుంటయ్ పెద్దాయనా అన్నాడు. ఖర్చులుంటయ్ గదా అనుకున్నా. వాళ్లు వేలు పెట్టి చూపించిన చోటల్లా సంతకం పెట్టా. పదిహేనో ఇరవయ్యో పెట్టుంటా. మా వాడు గూడా పెట్టాడు.’’

2012 వానాకాలంలో ఆ కొడుకు మోటారు దగ్గర కరెంటు కొట్టి చనిపోయాడు. అప్పటికి ఇంకా నాలుగు వాయిదాలున్నాయి. గేదెలు రెండూ అమ్మేశారు. కోడలు పుస్తెలతాడు అమ్మింది, ఆ తరువాత మిరపకాయల కోతకు, పొగాకు పనికి పోయింది. 2016లో బాకీ తీరింది. చనిపోయిన కొడుకు అప్పు మీద సంతకం చేసిన మనిషి. ఆ నాలుగేళ్లలో బ్యాంకుకు వెళ్లిన ప్రతిసారీ ఈ కుటుంబం ఆ సంగతి చెప్పుకుంటూనే ఉంది. అప్పుకు బీమా ఉందనిగాని, అది ఎవరి ప్రాణానికి ఉందనిగాని ఒక్కరూ నోరు విప్పలేదు.

సంగతి బయటపెట్టింది మనవరాలు. నర్సింగు చదువుకు అప్పు కావలసి ఈసీ తీయిస్తే, తీరిపోయిన తనఖా ఇంకా భూమి మీద అట్లాగే కనిపించింది. దాన్ని తీయించడానికి పాత అప్పు లెక్క అడిగి తెచ్చుకుంది. మొదటి పేజీలో, అప్పు ఇచ్చిన తేదీనే, ‘ఇన్సూ. 9,600’ అని ఒక పద్దు. ఆ పిల్ల దాని మీద ఎర్రసిరాతో సున్న చుట్టింది.

ఇక్కడ లెక్క ఒకటి చెప్పుకోవాలి. ఆ 9,600 రైతు జేబులోంచి తీసింది కాదు, అప్పులో కలిపింది. కాబట్టి దాని మీద కూడా వడ్డీ పడింది. ఏడు సమాన వాయిదాల్లో అసలు తీరుతూ పోయిందనుకున్నా, 12 శాతం చొప్పున ఏడేళ్లకు దాని వడ్డీ ఒక్కటే 4,608. మొత్తం 14,208. తాను అడగని వస్తువును, తనకు చూపించని వస్తువును, అప్పు చేసి మరీ కొన్నాడన్నమాట ఆ రైతు. షావుకారు ముందు వడ్డీ కోసుకుంటే దోపిడీ అంటాం. అచ్చుకాగితం మీద కోస్తే దానికి ఇన్సూరెన్సని పేరు.

మనవరాలు ఉత్తరాలు రాసింది. ఎనిమిదేళ్లు దాటిన రికార్డులు ఉంచనక్కరలేదని బ్యాంకు జవాబిచ్చింది. రికార్డుల భద్రత గురించి 1985లో చేసిన నిబంధనలున్నమాట వాస్తవమే. కాని వసూలు చేసిన అప్పు లెక్క మొదటి రోజు నుంచి దొరికింది, బీమా కాగితమే దొరకలేదు. బీమా కంపెనీ జవాబు అంతకంటే సూటిగా ఉంది: అది సామూహిక పాలసీ. 54 ఏళ్ల ప్రధాన రుణగ్రహీత పేరు మీద ఏడేళ్లకు తీసుకున్నారు. 2016లో గడువు ముగిసింది. చెల్లించవలసినదేమీ లేదు.

మనవరాలు ఆ ఉత్తరం చదివి వినిపించిన తరువాత పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నాడు:

‘‘నేను చస్తే వచ్చే బీమా అంట అది. నేను చావలా. నా కొడుకు చచ్చాడు.’’

పాలసీ ఉండడమైతే ఉంది. బ్యాంకు ఆ డబ్బు దిగమింగిందని మేము అనడం లేదు. మోటారు దగ్గర రాత్రీపగలూ తిరిగే పాతికేళ్లవాడి ప్రాణానికి బీమా కట్టాలా, ఇంటి దగ్గర గేదెలు చూసుకునే తండ్రి ప్రాణానికి కట్టాలా అని ఆ రోజు ఎవరైనా ఒక్క మాట అడిగి ఉంటే ఏం చెప్పేవారో ఆ తండ్రీకొడుకులకు తెలుసు. అడగలేదు. చెప్పలేదు. కాగితం ఇవ్వలేదు. ఫిర్యాదు అక్కడ ఉంది.

ఇది ఒక్క ఇంటి గొడవ అయితే ఈ శీర్షికలో ఇంత చోటు ఇవ్వనక్కరలేదు. అప్పుకు బీమాను ముడిపెట్టడం మన రైతాంగానికి నలభై ఏళ్ల అనుభవం.

కారంచేడు పేరు వినగానే మనకు 1985 జూలై 17 గుర్తుకొస్తుంది. ఆ దాడిలో ఆరుగురు దళితులు హతమైనారు. మిగిలినవారు ప్రాణాలు అరచేత పట్టుకుని చీరాల చేరి అక్కడే శిబిరం వేసుకున్నారు. ఆ ఏడాదే, ఏప్రిల్ 1 నుంచి, దేశంలో సమగ్ర పంటల బీమా పథకం మొదలైంది. ఈ రెంటికీ సంబంధమేమిటని అడగవచ్చు. ఆ పథకంలో చేరాలంటే బ్యాంకులోనో సహకార సంఘంలోనో పంట అప్పు ఉండాలి. అప్పు పుట్టాలంటే భూమి కాగితం ఉండాలి. చీరాల చేరిన కూలీల దగ్గర ఉన్నది ఒంటి మీది బట్టలు. బీమా అనేది ఎవరి దగ్గర మొదలై ఎవరి దగ్గర ఆగిపోతుందో తెలియడానికి ఆ సంవత్సరం చాలు.

ఆ పథకంలో వరికి, తృణధాన్యాలకు నూటికి 2 రూపాయలు, పప్పులకు, నూనెగింజలకు ఒక రూపాయి ప్రీమియం. చిన్న, సన్నకారు రైతుల ప్రీమియంలో సగం ప్రభుత్వాలు భరించాయి. రేటు భారమని ఎవరూ అనలేరు. కాని అప్పు తీసుకున్న ప్రతి రైతుకూ అది నిర్బంధం. రైతు అంగీకారం అడిగే గడి ఎక్కడా లేదు. అప్పులో కోసేవారు, రైతుకు తెలిసేది కాదు. 1999-2000 రబీ నుంచి జాతీయ వ్యవసాయ బీమా పథకం వచ్చింది; ఖరీఫ్ వరికి రెండున్నర శాతం. 2016 ఖరీఫ్ నుంచి ప్రధానమంత్రి ఫసల్ బీమా. ఖరీఫ్ పంటలకు 2 శాతం, రబీకి ఒకటిన్నర, వాణిజ్య పంటలకు 5 శాతం. పేర్లు మారాయి. అప్పున్న రైతుకు నిర్బంధం మాత్రం 2020 ఖరీఫ్ దాకా పోలేదు.

బీమా అక్కరలేదని మేమనడం లేదు. 1977 నవంబరు ఉప్పెన చూసిన తీరం మనది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. కోసి పనల మీద ఉన్న వరి నీళ్లలో మొలకెత్తింది. ఇటువంటి నేలమీద బీమా అక్కరలేదనేవాడు రైతు మేలు కోరినవాడు కాడు. ఎవరి పేరున కడుతున్నారు, ఎప్పుడు వస్తుంది, ఎప్పుడు రాదు అని కట్టేవాడికి తెలియాలి గదా!

రానిదెప్పుడో చూడండి. మన పొలంలో ఎన్ని బస్తాలు పోయాయని బీమావాళ్లు లెక్కించరు. మండలానికో గ్రామానికో ఒక యూనిట్ కట్టి, పంటకోత ప్రయోగాలు చేసి సగటు తీస్తారు. గడచిన ఏళ్ల సగటులో ఇంత శాతమని ఒక హామీ దిగుబడి పెట్టుకుంటారు. ఉదాహరణకు హామీ దిగుబడి ఎకరాకు 20 బస్తాలు అనుకుందాం. ఈ ఏడు యూనిట్ సగటు 15 వస్తే, లోటు ఇరవయ్యింట ఐదు, అంటే పావు వంతు. ఎకరా 10,000 రూపాయలకు బీమా ఉంటే 2,500 వస్తుంది. అదే యూనిట్ సగటు 21 వచ్చిందనుకోండి, కాలువ చివర నీరందక మన చేను నిట్టనిలువునా ఎండినా చిల్లిగవ్వ రాదు. కాలువ మొదటి రైతు గాదె నిండితే చివరి రైతుకు బీమా పోతుందన్నమాట! ఈ సంగతి అప్పు ఇచ్చే రోజున రైతుకు చెప్పిన గుమాస్తాను మేమింతవరకు చూడలేదు. వడగండ్లకు, పొలం మునకకు, కోసి ఆరబెట్టిన పంట 14 రోజులలోపు తుపానుకు దెబ్బతింటే విడిగా లెక్కించే ఏర్పాటు ఫసల్ బీమాలో ఉంది. దానికి 72 గంటలలోపు తెలియపరచాలి. ఆ 72 గంటలలో కరెంటుండదు, ఫోనుండదు, దారుండదు.

కౌలురైతు సంగతి ఇంకా అన్యాయం. భూమి కామందుది. పాసుపుస్తకం మీద పంట అప్పు తెచ్చుకునేది కామందు. అప్పుతో పాటు బీమా ఆయన పేరుకే పోతుంది. దుక్కి, విత్తనం, ఎరువు, కూలి, కౌలు కౌలుదారువి. పంట పోతే నష్టం కౌలుదారుది, బీమా డబ్బు జమ అయ్యేది కామందు ఖాతాలో. ఇచ్చే కామందులు లేరనం. ఇచ్చింది మాత్రం తక్కువమంది. 2011లో భూ అధీకృత సాగుదారుల చట్టం వచ్చింది. 2019లో దాని స్థానంలో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చి, 11 నెలల హక్కుపత్రానికి యజమాని సమ్మతి కావాలంది. సంతకం పెడితే భూమి పోతుందని యజమానికి భయం, అడిగితే కౌలు పోతుందని కౌలుదారుకు భయం.

ఆడవాళ్ల గ్రూపు అప్పుల్లోనూ ఇదే ముడి. సూక్ష్మ రుణ కంపెనీల వసూళ్ల ఆగడాలు భరించలేని స్థితి వచ్చి 2010 అక్టోబరులో మన రాష్ట్రం ఆర్డినెన్సు తెచ్చిన సంగతి గుర్తుంది గదా. ఆ తరువాత రిజర్వు బ్యాంకు వేసిన మాలెగాం కమిటీ, 2011లో, ఈ అప్పులకు వడ్డీ, ప్రాసెసింగు ఫీజు, బీమా ప్రీమియం ఈ మూడే ఉండాలని చెప్పవలసి వచ్చింది. బీమా అనేది అప్పు ధరలో ఎంతగా కలిసిపోయిందో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఎందుకింత కలిసిపోయింది? జీవిత బీమాను 1956లో జాతీయం చేశారు, సాధారణ బీమాను 1970ల మొదట్లో చేశారు. 1999 చట్టంతో ఆ రంగాన్ని ప్రైవేటుకు తెరిచారు. తరువాత బ్యాంకులే బీమా కంపెనీల ఏజెంట్లయ్యాయి. అమ్మిన ప్రతి పాలసీకి కమీషను. అప్పు కోసం బల్ల ముందు చేతులు కట్టుకు నిలబడ్డ రైతుకంటే సులువైన బేరం ఏ ఏజెంటుకు దొరుకుతుంది? వద్దంటే అప్పు పోతుందేమోనని ఆయనే ఒప్పుకుంటాడు. బీమా కొంటేనే అప్పు అని బలవంతం చేయరాదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. ఉందని అరుగు మీద కూర్చున్న ఆ పెద్దాయనకు ఎవరు చెప్పాలి?

ఈ వ్యాపారం మన కనిపెట్టుబడి కాదు. బ్రిటనులో అప్పు తీసుకున్నవారికి, అప్పు చెల్లింపు రక్షణ పేరుతో లక్షలాదిగా బీమా అంటగట్టారు. స్వంత పని చేసుకునేవారికి, రిటైరైనవారికి, అంటే ఆ బీమా ఎన్నటికీ అక్కరకు రానివారికి కూడా అమ్మారు. 2005లో అక్కడి పౌర సలహా సంస్థ దీనిమీద ప్రభుత్వ నియంత్రణ సంస్థకు ఫిర్యాదు చేసింది. బ్యాంకులు కోర్టుకెక్కి 2011లో ఓడిపోయాయి. ప్లెవిన్ అనే వితంతువు కేసు మన పెద్దాయన కేసుకు దగ్గర చుట్టం. ఆమె 2006లో ఇంటిపై 34,000 పౌండ్లు అప్పు తీసుకుంటే, దానికి 5,780 పౌండ్ల బీమా కలిపారు. అందులో 71.8 శాతం కమీషన్లకే పోయింది. ఆ ముక్క ఆమెకు చెప్పలేదు. చెప్పకపోవడమే అన్యాయమని 2014 నవంబరులో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు. పాత అమ్మకాలమీద ఫిర్యాదుకు 2019 ఆగస్టు 29 దాకా గడువిచ్చారు. బ్యాంకులు తిరిగి చెల్లించింది 3,800 కోట్ల పౌండ్లకు పైమాటే. పదేళ్లు, పదిహేనేళ్లు దాటిన కాగితాలకు కూడా డబ్బు వచ్చింది.

పెట్టుబడిదారీ దేశంలో బ్యాంకులకు జాలి పుట్టి ఇచ్చింది కాదు ఇది. జనం లక్షల సంఖ్యలో కాగితం పట్టుకుని అడిగారు, కోర్టులో నిలబడ్డారు, అందుకని వచ్చింది.

మనకు అంత పెద్ద తలుపు ఎవరూ తెరవలేదు. వినియోగదారుల కమిషనులో రెండేళ్ల గడువు. అయినా దారి పూర్తిగా మూసుకుపోలేదు. సరైన కారణం చూపిస్తే ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషనుకుంది. మోసం చేసి దాచిన విషయమైతే, అది బయటపడిన నాటి నుంచే కాలం లెక్కించాలని 1963 కాలపరిమితి చట్టం 17వ సెక్షను చెబుతోంది. రైతు వినియోగదారుడే కాడన్న వాదన విత్తనాల కేసులో 2012లోనే సుప్రీంకోర్టులో వీగిపోయింది. కోర్టుదాకా పోకుండా కూడా ఒక మార్గముంది. ముందు బ్యాంకుకు, బీమా కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదివ్వాలి. నెల రోజులు చూసి, జవాబు రాకపోయినా నచ్చకపోయినా, బ్యాంకుమీద రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు, కంపెనీమీద హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కరలేదు. ఏడాది దాటనీయకూడదు. ప్రభుత్వ రంగ బ్యాంకైతే సమాచార హక్కు చట్టం కింద పాలసీ నకలు అడగవచ్చు.

పంటల బీమాలో మరొక ముఖ్య విషయం చాలామంది కార్యకర్తలకే తెలియదు. రైతు అప్పులో ప్రీమియం కోసి, ఆ వివరం బీమా కంపెనీకి పంపకుండా బ్యాంకో సంఘమో పొరపాటు చేస్తే, ఆ నష్టపరిహారం ఆ బ్యాంకే, ఆ సంఘమే భరించాలని పథకం నిబంధనల్లోనే ఉంది. ‘మీ పేరు జాబితాలో లేదు’ అన్నారని తిరిగొచ్చేయకండి. కోసిన పద్దు చూపించి నిలదీయండి. అట్లాగే ఇప్పుడు అప్పున్న రైతుకు నిర్బంధం లేదన్నారుగాని, వద్దని గడువు తేదీకి ఏడు రోజుల ముందే రాసివ్వకపోతే కోస్తారు. మన రాష్ట్రంలో కొన్నేళ్లు రైతు వాటా ప్రభుత్వం భరించింది. 2024-25 రబీ నుంచి మళ్లీ రైతే కట్టుకోవలసి వచ్చింది. ఇక పాసుపుస్తకంలోని కోతలు మళ్లీ చూసుకోవలసిన పని పడ్డట్టే.

పెద్దాయన విషయంలో మేము చేయగలిగింది ఫిర్యాదు రాయడంలో సాయం. మనవరాలు తానే రాస్తానంది. మేము చెప్పిన పెద్ద పెద్ద మాటలు కొన్ని కొట్టేసింది, మంచిపని చేసింది. నాలుగు ప్రశ్నలే మిగిలాయి: ఈ బీమా మేము అడిగామని చూపే కాగితం ఏది? పాలసీ నకలు మాకు ఏ తేదీన ఇచ్చారు? ఇద్దరం సంతకం చేస్తే ఒక్కరికే ఎందుకు కట్టారు? ఈ 9,600 మీద మీకు ముట్టిన కమీషను ఎంత?

డబ్బు వస్తుందా అని కోడలు అడిగింది. వస్తుందని మేము చెప్పలేదు. ఎన్నేళ్ల నాటి సంగతో అందరికీ తెలుసు. ‘‘రాకపోతే మానె, ఆ నాలుగో ప్రశ్నకు జవాబు రావాలి’’ అంది ఆమె. పుస్తెలతాడు ఎంతకు అమ్మిందో ఆమె మాకు చెప్పలేదు, మేమూ అడగలేదు.

చీరాల పోస్టాఫీసులో రెండు ఉత్తరాలూ రిజిస్టరు చేయించారు. రసీదులు చూపించమని పెద్దాయన అడిగి, అటూ ఇటూ తిప్పి చూసి సంచిలో వేశాడు. ముప్పై రోజులు ఎన్నటికి నిండుతాయో లెక్కగట్టి, ఆ పిల్ల గోడమీది క్యాలెండరులో అదే ఎర్రసిరాతో ఒక తేదీ చుట్టూ సున్న చుట్టింది.